మా అత్త కాచిన అంబలి

యుద్ధం రోజుల్లో, కోసిగి నుంచి ఆదోనికి కాపురానికొచ్చిన ఏడాదే ఊళ్లో కలరా రేగింది. నేను చూలాలిని. మారెమ్మ శాంతించాలని వీధివాళ్లు చల్లని అంబలి నైవేద్యం పెట్టి, ఇంటింటికీ ప్రసాదం పంచారు. నేను చెంబు ఎత్తబోతుంటే మా అత్త లాక్కొని పొయ్యి మీద పెట్టింది.

"అమ్మకు చల్లగా పెట్టిందాన్ని ఉడకేస్తావా? కోపమొస్తాది!" అని గుమ్మంలోని ఆడవాళ్లు అరిచారు. సిగ్గుతో, భయంతో నేను గోడవారకి జరిగాను.

"ఆ నీళ్లు యాడివో, ఈగలెన్ని వాలినాయో! కోపమొస్తే నా మీదికి రమ్మను. చూలాలికి కాగిందే పోస్తా," అంది అత్త, తెర్లుతున్న అంబలి కలుపుతూనే.

ఆ వేసవిలో మా వీధిలో చాలా ఇళ్లు ఏడ్చాయి. ఈనాటికీ పొయ్యి అంటించేటప్పుడు మనసులో అత్తకు దండం పెట్టుకుంటాను. ఆమె తన మీదికి పిలుచుకున్న కోపం ఎన్నడూ రాలేదు. ఆ ఏడు ఎండలు తగ్గాక నా ఒళ్లోకి కూతురొచ్చింది.