వాయిదా పడని పరీక్ష

మొన్న రెంటచింతలలో బస్సు దిగి నాలుగడుగులు వేసేసరికి కరిగిన తారు చెప్పుకు అంటుకుంది. కాలెత్తిన ప్రతిసారీ చిన్న చప్పుడు. ఆ చప్పుడు వింటుంటే మస్తాన్ మాస్టారు గుర్తొచ్చారు. ఆ ఊరి బడిలో సోషల్ చెప్పేవారు. ఆయన పోయి రెండేళ్లయింది. మాదీ ఆ ఊరే గాని, నేను ఆయన దగ్గర చదువుకోలేదు. ఆయన నాకు పాఠం నేర్పేనాటికే నేను మాచర్లలో పదిహేనేళ్లుగా విలేకరిని.

మాస్టారికి ఒక పద్ధతి ఉండేది. రోజూ క్లాసు మొదలుకాగానే ఒకరు లేచి, ఇంట్లో ఫోనుకు వచ్చిన వార్త ఒకటి చెప్పాలి. తక్కినవాళ్లు అడగాలి: ఎవరు చెప్పారు? వాళ్లు చూశారా? అసలు కాగితం ఎక్కడుంది? జవాబు దొరికేదాకా ఆ వార్త నల్లబల్ల మీద ఒక మూల అలాగే ఉండేది, చెరపనిచ్చేవారు కాదు. ఒకసారి అటు వెళ్లినప్పుడు, "పిల్లలందర్నీ విలేకర్లను చేస్తున్నారా మాస్టారూ?" అన్నాను. "లేదయ్యా, విలేకర్లు రాసింది చదివేవాళ్లను చేస్తున్నా" అన్నారు. మెచ్చుకున్నారనుకుని నవ్వేసి వచ్చాను.

ఆ ఏడు పదో తరగతి పరీక్షలు ఎండల్లో పడ్డాయి. ఒకరోజు ఉదయం నా ఫోనుకు ఉత్తర్వు ఫోటో ఒకటి వచ్చింది. ఎండల కారణంగా రేపటి పరీక్ష వాయిదా అని ఉంది. కింద సంతకం, ముద్ర. మా ఊరివాళ్లకు మా ఎండంటే ఒకరకమైన గర్వం. ఎక్కడ ఎంత మండినా మా ముందు దిగదుడుపే అంటాం. మా ఎండకు కాకపోతే దేనికి వాయిదా వేస్తారు అనుకున్నానే గాని, విద్యాశాఖ ఆఫీసుకు ఒక్క ఫోను చేయలేదు. "ఖాయం" అని చేర్చి, కింద నా పేరు రాసి, ఊరి గ్రూపులో పెట్టాను.

గంట తిరగకముందే మాస్టారు ఫోను చేశారు.

"ఏమయ్యా, ఆ కాగితం పైభాగం చూశావా?"

తీసి చూశాను. తేదీ ఉండాల్సిన చోట ఫోటో కత్తిరించి ఉంది.

"మా తొమ్మిదో తరగతి పిల్లలు పట్టుకున్నారు. ఆఫీసుకు ఫోన్ చేశాం. ఎప్పటిదో పాత ఉత్తర్వంట. రేపు పరీక్ష ఉంది."

ఇప్పుడే ఇంకో మెసేజ్ పెడతానన్నాను.

"పెట్టి, రైలు స్టేషనుకు రా. మా పదో తరగతి మరియమ్మ పరీక్ష లేదనుకుని, గుంటూరు బండి ఎక్కటానికి వాళ్లమ్మతో మాచర్ల వచ్చేసింది. ఫోను ఎత్తటం లేదు. నేనూ బయల్దేరుతున్నా."

బండి కదలటానికి ఇంకా కాస్త టైముంది. మాస్టారు తడి తువ్వాలు తలకు చుట్టుకుని స్కూటరు మీద వచ్చారు. పెట్టెలన్నీ వెతికితే చివరి పెట్టెలో తల్లీకూతుళ్లు కనిపించారు. మాస్టారు మాట్లాడతారనుకున్నాను. ఆయన నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు నెట్టి, పక్కకు జరిగి నిలబడ్డారు.

"అమ్మా, నేను పెట్టింది తప్పు. రేపు పరీక్ష ఉంది" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఏందయ్యా, పేపరాయనవి నువ్వే చెప్పావని గదా బయల్దేరింది! ఇప్పుడు నిన్ను ఎట్టా నమ్మాల?"

"మమ్మల్ని నమ్మొద్దమ్మా, ఆఫీసోళ్లనే అడుగు" అంటూ మాస్టారు ఫోను కలిపి ఆమె చేతికిచ్చారు.

మరియమ్మ అప్పటికే సంచి భుజాన వేసుకుంది. "నే ముందే చెప్పలా, సార్ని అడుగుదామని?" అంటూ దిగింది. మర్నాడు పరీక్ష రాసింది.

వారం తర్వాత మాస్టారు నన్ను తొమ్మిదో తరగతికి రమ్మన్నారు. నల్లబల్ల మూల నా మెసేజ్, నా పేరుతో సహా. ఒక పిల్ల లేచి, "సార్, ఆఫీసుకు ఫోన్ చేయటానికి మీ దగ్గర బ్యాలెన్స్ లేదా?" అంది. క్లాసంతా గొల్లుమంది. మాస్టారు నవ్వలేదు. "ఒరేయ్, తప్పు రాసేవాళ్లు చానామంది ఉంటారు. ఆ తల్లి ముందు నిలబడి ఒప్పుకుంది ఈయన" అన్నారు. నెట్టింది తానేనన్న సంగతి మాత్రం ఎత్తలేదు.

పత్రికలో తప్పు పడితే లోపలి పేజీలో చిన్న సవరణ వేస్తే సరిపోతుంది. నేనూ వేస్తాను. వేసేముందు, ఆ తప్పు ఎవరికి తగిలిందో వాళ్లింటికి వెళ్తాను. కొందరు కూర్చోమంటారు, కొందరు తిడతారు, ఒకాయన ముఖాన తలుపేశాడు. ఇప్పటికీ గుమ్మం ముందుకు చేరేసరికి వెనక్కి తిరిగిపోదామనిపిస్తుంది. వెనక నుంచి నెట్టేవాళ్లు లేరు గనక, నేనే ఒక అడుగు ముందుకు వేసి మొదలుపెడతాను.