తప్పును ఇంటి మాటల్లో చెప్పిన కంప్యూటర్లు

మా కంప్యూటర్ సారు దవాఖానలోనే కన్నుమూశారని పొద్దున్నే ఆయన చెల్లెలు ఫోన్ చేసింది. జనగామ స్టేషన్ దగ్గర ఆయన నడిపిన శిక్షణ కేంద్రంలో, రిటైరయ్యాక నేను లెక్కలు చెప్పేదాన్ని.

అక్కడి కంప్యూటర్లలో ఆపరేటింగ్ సిస్టంతోపాటే ప్రోగ్రాములు రాసే పనిముట్లు వచ్చేవి. వాటి లోపలి రాతను ఎవరైనా తెరిచి మార్చుకోవచ్చు. కొత్తగా చేరినవాళ్లతో సారు చేయించే మొదటి పని అదే. తప్పు దొర్లినప్పుడు తెర మీద కనబడే ఇంగ్లీషు ముక్క తీసేసి, ఇంట్లో మాట్లాడే మాట పెట్టించేవారు. ఒక తెర "జర సూసుకో, గీడ తప్పింది" అనేది. ఇంకొకటి దక్కనీ ఉర్దూలో కసిరేది. మానుకోట దగ్గరి తండా నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్ల, లంబాడీలో వాళ్లమ్మ తిట్టే తిట్టు పెట్టుకుంది. తప్పు వచ్చిన ప్రతిసారీ నవ్వేది.

నాకది నచ్చలేదు. "ఇదేం పద్ధతి? కంపెనీలు వాడేదే నేర్పండి" అన్నాను.

"దాంట్ల గూడ పనిముట్లుంటయ్ టీచరమ్మా. లోపల సూడనీకి మూత తియ్యనియ్యరు."

"ఉద్యోగమిచ్చేవాడు మూత సంగతి అడగడు."

"మీరు ఉత్త జవాబుకు మార్కులేస్తరా? స్టెప్పులు సూపియ్యమనరా?"

నేను సుద్దముక్క తీసుకుని లెక్కల క్లాసుకు వెళ్లిపోయాను.

పిల్లల కీబోర్డును ఆయన ఏనాడూ ముట్టుకోలేదు. చేతులు వెనక కట్టుకుని నిలబడి, "సదువు, పైకి సదువు" అనేవారు. తప్పును పైకి చదివితే సగం భయం పోతుందని ఆయన నమ్మకం.

ఆయన మంచాన పడ్డాక కేంద్రం చేతులు మారింది. కొత్తవాళ్లు కంప్యూటర్లన్నీ తుడిచేసి, ఒక కంపెనీ సిస్టంను దాని సొంత పనిముట్లతో సహా ఎక్కించారు. పాతవాటి నకలు ఎవరమూ తీయలేదు. అందరి సొత్తు ఎక్కడికి పోతుందిలే అని సారు ధీమా. ఆ పనిముట్లు మళ్లీ దొరుకుతాయి, నిజమే. పిల్లలు పెట్టిన మాటలు దొరకవు.

దవాఖానలో ఆయన అడిగారు: "మన తెరలు మంచిగ మాట్లాడుతున్నయా?"

అబద్ధం నా నోట రాదు. తుడిచేశారన్నాను. ఆయన గోడ వైపు తిరిగారు. మళ్లీ ఇటు తిరగలేదు.

ఖననం అయ్యాక కేంద్రానికి వెళ్లాను. ఊరి నుంచి ఆ రోజే తిరిగొచ్చిన తండా పిల్ల ఒక్కతే కూర్చుని ఉంది. తప్పు వచ్చింది. అలవాటుగా పైకి చదవబోయి ఆగిపోయింది. మాట మార్చుకుందామని వెతికింది. మూత తీసే దారి ఎక్కడా లేదు.

"అవ్వా, మా యమ్మ తిట్టు ఏడ వోయింది?"

ఆ పిల్ల చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ తిట్టును తెరకు మెల్లగా చెప్పింది. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు అలాగే వెలుగుతున్నాయి.