పూజలోకి వెళ్లిన దిమ్మెలు

వాలు మీద లోడు బండి ఆపడం గురించి నాతో ఎవరూ వాదించకండి. గేరులో ఉంచాలి, హ్యాండ్ బ్రేకు గుంజాలి, వెనక చక్రాల కింద చెక్క దిమ్మెలు పెట్టాలి. మూడోది చేశాకే మొదటి రెండూ పనిచేస్తాయని నా నమ్మకం. ఎందుకంటే నా పాత లారీలో గేరు లోడుకు జారిపోతుంది, హ్యాండ్ బ్రేకు అలంకారానికే ఉంది.

ఆ దసరాకు కేసముద్రం మార్కెట్లో మక్కజొన్నలు ఎత్తుకుని వచ్చేసరికి వరంగల్లో మిల్లు బంద్. బండిని మా ఇంటి ముందు వాలులోనే పెట్టాను. వాలు చివర మా కాక ఇల్లు. వరసకు మాత్రమే బాబాయి. జంపఖానాలు నేస్తాడు, ముందు గదిలోనే మగ్గం. నా బండి దొర్లిందంటే ఆగేది దాని మీదే. అందుకే నేను బండి పెట్టినప్పుడల్లా వచ్చి దిమ్మెలు చూసి, ఒక్క మాట అనకుండా వెళ్లేవాడు. తిట్టినా అంత మండేది కాదు నాకు.

సాయంత్రం జమ్మికి పోదామని స్నానం చేస్తుంటే బయట కిర్రుమని చప్పుడైంది. తువ్వాలతోనే ఉరికి, కేబిన్ ఎక్కి బ్రేకు తొక్కాను. బండి మూరెడు కిందికి జరిగి ఆగింది.

"అమ్మా, దిమ్మెలేవీ?"

"కడిగి పూజల పెట్టిన" అంది అమ్మ, గడప మీద తాపీగా కూర్చుని. "జాకీకి, పానాలకు బొట్టు పెట్టి గవ్విట్ని ఇడిసిపెడితే ఎట్ల? ఏడాదంత బండిని ఆపేటివి గవ్వే గద."

"తాళం చెవన్న ఇయ్యి. స్టార్ట్ జేస్త."

"అది గూడ పూజలనే ఉన్నది. జమ్మి ఇంటికొచ్చేదాక ముట్టద్దు. ఫికర్ జెయ్యకు బిడ్డా, అమ్మోరు సూస్కుంటది."

"అమ్మోరికి బ్రేకు తొక్కుడు రాదమ్మా."

అమ్మ నా తరఫున చెంపలేసుకుంది.

మా ఇంట్లో జమ్మి తేవలసింది ఇంటి మగవాడు. చెట్టు దగ్గర తన చేత్తో తెంపి తేవాలి. అంటే నేనే. నేను దిగితే బండి దొర్లుతుంది, దిగకపోతే జమ్మి రాదు, జమ్మి రాకపోతే దిమ్మెలు రావు. పైగా ఇంజన్ తిరగకపోతే బ్రేకుకు గాలి నిండదు. మీటరులో ముల్లు మెల్లగా దిగుతోంది. అది అడుగుకు చేరితే నా కాలు బ్రేకు మీద ఉన్నా లేనట్టే. నాకు నిజంగానే భయమేసింది.

ఇంతలో వాడకట్టంతా జమ్మి చూసి తిరిగొచ్చింది. కొత్త బట్టల్లో వాళ్లు, తువ్వాలలో నేను. కిటికీలోంచి ఆకును బంగారమంటూ చేతిలో పెడుతున్నారు. ఒకతను కాళ్లు మొక్కుతానని తలుపు తీశాడు.

"కాలు ఖాళీ లేదు తమ్మీ. జర రాయి తే" అన్నాను.

తెచ్చినవి ఇటుకలు. బ్రేకు కాస్త వదిలి చూస్తే, చక్రం ఇంకో బెత్తెడు జరిగి వాటిని పిండి చేసింది. రోలు తెమ్మంటే అది కూడా పూజలోనే ఉందట, వాళ్లింట్లో రేపటిదాకా ముట్టరట. ఇంటికో రూలు. సాయం చేయలేక, వెళ్లిపోలేక, అందరూ నిలబడి పండుగ ముచ్చట్లు మొదలుపెట్టారు.

కాక కూడా వచ్చాడు. చక్రాన్ని చూశాడు, కింద తన ఇంటిని చూశాడు. ఎప్పటిలాగే వాలు దిగి వెళ్లిపోయాడు. ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చేసింది.

తిరిగొచ్చేటప్పుడు ఆయన ఓ నల్లరాయిని ఛాతీకి ఆనించుకుని, ఎగపోస్తూ ఎక్కుతున్నాడు. రాయి మీద పసుపు ఇంకా ఆరలేదు. వంగి దాన్ని చక్రం కిందికి తోశాడు. నేను బ్రేకు కొద్దికొద్దిగా వదిలాను. బండి రాయికి ఆనుకుని ఆగింది.

దిగబోతే కాలు మాట వినలేదు. దాదాపు పడిపోతూ దిగి, తువ్వాల సర్దుకుని, ఆయన కాళ్లు మొక్కాను.

"పూజల రాయి తీసుకొస్తివా?" అంది అమ్మ.

"మగ్గం కాలు కిందిది వదినె."

"మగ్గం వంకర గాదా కాకా?" అన్నాను.

"రాయి ఆడ లేకుంటె మగ్గం వంకరుంటది, అంతే" అన్నాడు ఆయన, నా చేతిలో జమ్మి ఆకు పెడుతూ. "ఈడ లేకుంటె మగ్గమే ఉండది."

అమ్మ వంగి ఆ రాయి మీది పసుపును చూసింది. నేనింకా జమ్మికి పోకముందే లోపలికి వెళ్లి, దీపం ముందు నుంచి రెండు దిమ్మెలూ తీసుకొచ్చి కాక చేతికే ఇచ్చింది.