ముందు తినే పిన్ని

గజపతినగరంలో మా పక్కింటి పిన్ని వానలకి గట్ల మీద పుట్టగొడుగులు ఏరుకొచ్చి కూర వండేది. ముందు తనే తిని, పూటంతా ఆగి, తనకేమీ కాకపోతేనే మాకు పెట్టేది. చాదస్తం అనుకునేవాణ్ణి.

కొత్తగా ఫోన్ కొన్న రోజుల్లో నేను ఆట ఆడుతుంటే తొంగిచూసింది. తెరమీద బుల్లి మనిషి పరిగెత్తుకెళ్లి ఎర్ర పుట్టగొడుగును మింగేశాడు.

"ఒరే, తిరగేసి సూడకండా తినీసినాడేటిరా!" పిన్ని గోళ్లు నా చేతిలో దిగబడ్డాయి.

"అది తింటేనే బలం పిన్నీ. చూడు, ఎంత పెద్దోడయ్యాడో!" అని నవ్వాను.

ఆవిడ నవ్వలేదు.

"మీ సిన్నాన్న తిన్నాడు. మరి లెగనేదురా. మగోడని ఆయనికే ముందు పెట్టీసినాను."