మేరీమాత లైటుకు స్విచ్ లేదు

పది రోజులు పామర్రులో ఉండి ఈ ఉదయం గుణదల వచ్చేసరికి నా ఎలక్ట్రిక్ స్కూటర్ ఉలకలేదు, పలకలేదు. సగం చార్జింగ్‌తో వదిలి వెళ్లిన బండి! హ్యాండిల్ దగ్గర మేరీమాత బొమ్మకు మా మరిది సుధీర్ బిగించిన నీలం లైటూ ఆరిపోయింది.

"దీనికి స్విచ్ ఎందుకు పెట్టలేదయ్యా?" అని అడిగాను.

"మాత దగ్గర లైటు ఆర్పకూడదు వదినా. అయినా గోరంత లైటు, అదేం తాగుద్ది?" అన్నాడు.

ఆ గోరంత లైటే రాత్రింబవళ్లు వెలుగుతూ బ్యాటరీని కొంచెం కొంచెంగా పీల్చేసింది. ఎండలో నేను బండి తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి వెళ్తుంటే, సుధీర్ గేటు దగ్గర టీ తాగుతూ చూశాడు.

సాయంత్రం అదే మెకానిక్‌ను పిలిపించి, బొమ్మతో సహా ఆ లైటును సుధీర్ కొత్త ఎలక్ట్రిక్ బండికి పెట్టించాను. స్విచ్ లేకుండానే. బండికి కళ వచ్చిందని మురిసిపోయాడు. రేపు వేలాంకణి యాత్రకు వెళ్తున్నాడు, అటు నుంచి అత్తగారింటికట.

"నా బండి జాగ్రత్త వదినా" అన్నాడు.

"మాత చూసుకుంటుందిలే" అన్నాను.

లైటు ఆర్పకూడదన్నది అతనే. మీరే చెప్పండి, నేనెలా ఆర్పుతాను?