విడగొట్టడం మొదటి నెల, కలపడం రెండో నెల

ఆ రోజుల్లో, అంటే తెలుగువాళ్లందరికీ కలిపి ఒకే రాష్ట్రం ఏర్పడి ఇంకా పదేళ్లు నిండని రోజుల్లో, ట్రైనింగ్ పూర్తి చేసిన టీచరంటే తనకు తెలియనిది లోకంలో ఏదీ లేదని నమ్మే ప్రాణి. అందరి సంగతి చెప్పలేను గానీ నేను మాత్రం అలాంటిదాన్నే. బెజవాడలో ట్రైనింగ్ ముగించుకుని, అట్ట వేసిన ఒక నోటుపుస్తకం, నాలుగు నేతచీరలు, వాటికి మించిన ధీమా వెంటబెట్టుకుని నాంపల్లి స్టేషన్లో దిగాను. మా బావ సెక్రటేరియట్‌లో గుమాస్తా. అక్కా బావా స్టేషన్ వెనక సందులో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవారు. అక్కడికి దగ్గరలోనే ఒక చిన్న ప్రైవేటు బడిలో ఒకటో తరగతి చెప్పడానికి నన్ను తీసుకున్నారు. మూడు నెలలు చూస్తారట, నచ్చితే ఉంచుతారట. నచ్చకపోతే "ఇక చాలు, వచ్చేయి" అనే ఉత్తరం మా నాన్న ముందే రాసి పెట్టుకున్నారు (తేదీ ఒక్కటే వేయలేదని అమ్మ తర్వాత చెప్పింది). ఆ ఉత్తరం పోస్టు కాకుండా చూసుకోవడమే అప్పట్లో నా జీవితాశయం. "మూడు నెలలెందుకే మరదలా, నీకు మూడు వారాలు చాలు" అనేవాడు మా బావ.

నేను వచ్చింది దసరా సెలవుల తర్వాత. అప్పటికే పాత టీచరు పిల్లలకు అక్షరాలన్నీ బట్టీ పట్టించేసింది. పలక మీద 'ప' చూపిస్తే 'ప' అనేవారు, 'ల' చూపిస్తే 'ల' అనేవారు, 'పలక' అని రాసి చూపిస్తే మాత్రం నా మొహం చూసేవారు. దీనికి మందు నా నోటుపుస్తకంలో ఉంది, అదీ వారాలవారీగా. ముందు మాటలోని శబ్దాలు పిల్లల చెవికి పట్టాలి. మాట వినగానే దాన్ని ముక్కలు చేయాలి, ఒక్కో ముక్కకీ ఒకసారి చప్పట్లు కొట్టాలి. ప, ల, క. మూడు చప్పట్లు. మా పెద్ద టీచరమ్మ హైదరాబాదు ఆవిడ, ఉర్దూలో చదువుకున్న మనిషి, గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, "మేమైతే గిట్ల సదువలే బిడ్డా. కానియ్యి, సూద్దాం" అని వెళ్లిపోయింది. పిల్లలకు మాత్రం పండగే. చదువు పేరుతో చప్పట్లు కొట్టమంటే ఎవరు కాదంటారు? రెండు వారాలు తిరిగేసరికి ఏ మాట చెప్పినా పటపటా ముక్కలు చేసి నా ముందు పోసేవారు. నా అంతటి టీచరు నిజాము కాలం నుంచి ఇక్కడ పుట్టలేదని నాకు గట్టిగా అనిపించింది.

ఈ విద్యను పిల్లలు ఇంటికి కూడా తీసుకెళ్తున్నారని నాకు తెలియదు. "అ, మ్మా, నీ, ళ్లు" అని నాలుగు చప్పట్లు కొట్టి గానీ దాహం సంగతి చెప్పడం లేదట. ఒకమ్మాయి వాళ్లింటి వాకిట్లో నులకమంచం మీద వడియాలు ఎండబెట్టి, ఆ పిల్లను కాపలా పెట్టి, తల్లి లోపల వంట చేసుకుంటోంది. సందులోంచి మేక వచ్చింది. పిల్ల బుద్ధిగా లేచి, "మే, క, వ, చ్చిం, ది" అని ఐదు చప్పట్లూ లెక్క తప్పకుండా కొట్టేసరికి సగం మంచం ఖాళీ. ఇక ఆ వీధంతా ఒకటే గుసగుస, కొత్త టీచరమ్మకు నత్తి ఉన్నదనీ, అది పిల్లలకు అంటుకున్నదనీ. ఇద్దరు ముగ్గురికి తల్లులు వస అరగదీసి నాలుకకు రాశారు (చంటిపిల్లలకు మాటలు రావాలని రాసే వస, ఆరేళ్లవాళ్లకు). ఒకడికి దర్గా దగ్గర తాయెత్తు కట్టించారు. నేను చక్కెర కోసం వెళ్తే కిరాణాకొట్టు ఆవిడ ఎంతో జాలిగా, "నిమ్మళంగ మాట్లాడమ్మా, నాకేం తొందర లేదు" అంది. "నాకు నత్తేమిటండీ" అనబోయాను. కోపంలో మాట తడబడి "నా, నా, నాకు" అని వచ్చింది. పాపం, ఆవిడ ఒక పిడికెడు చక్కెర ఎక్కువే పోసింది.

మర్నాడు ఉదయం ప్రార్థన కాకముందే పదిమంది తల్లులు బడి మీదకు వచ్చారు. ముందు నిలబడింది మేక తిన్న వడియాల తాలూకు తల్లి. ఆమెను మా టీచర్లందరం ఆ తర్వాత వడియాలమ్మ అనే పిలుచుకున్నాం, ఆమె లేనప్పుడు.

"మా పొల్ల మొన్నటిదాంక గలగల మాట్లాడుతుండె. గీమె దగ్గరికొచ్చినంక ముక్కలు ముక్కలు మాట్లాడుతున్నది. గిదేం సదువు?" అంది వడియాలమ్మ.

పెద్ద టీచరమ్మ అంతా విని నా వైపు తిరిగింది. "విడగొట్టుడు మంచిగనే నేర్పినవ్ బిడ్డా. మరి కలుపుడు ఎప్పుడు నేర్పుతవ్?"

నేను నోటుపుస్తకం తీసి చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "వచ్చే నెల రెండో వారంలో అండీ."

"గప్పటిదాంక పిల్లలు గిట్లనే చప్పట్లు కొట్టుకుంట తిరగాల్నా?" అంది ఆవిడ. నవ్వలేదు. "శనివారం దాంక టైమిస్తున్న. గీ తల్లులంత మళ్ల వస్తరు. పిల్లలు సక్కగ మాట్లాడాలె, బోర్డు మీది మాట సదువాలె. లేకుంటే నీకు మాకు రాంరాం."

అది గురువారం. ఆ రోజంతా "కలపండి" అని బతిమాలాను. "ప, ల, క, కలిపితే ఏమిటి?" అంటే "ప, ల, క" అనేవారు, ఇంకా గట్టిగా, ఇంకా ముద్దుగా. మా నాన్న ఉత్తరం మీద తేదీ పడుతున్నట్టే ఉంది నాకు. శుక్రవారం మధ్యాహ్నం ఏడుపు కనపడకుండా బోర్డు వైపు తిరిగి నిలబడ్డాను. కిటికీ అవతల సీతాఫలాలమ్మే అవ్వ రోజూలాగే గంప నెత్తిన పెట్టుకుని వెళ్తోంది, "సీ...తా...ఫలా...లూ" అని ఊపిరి తెగకుండా సాగదీస్తూ. నా వెనక క్లాసంతా అవ్వను వెక్కిరిస్తూ అదే కూత కూసింది. కొడదామని బెత్తం తీసుకుని ఇటు తిరిగి, అలాగే ఆగిపోయాను. ఒక్క చోట కూడా తెగలేదు. గంట క్రితం మూడక్షరాలు అతకలేని పిల్లలు అయిదింటిని ఒకే ఊపిరిలో అతికించేశారు. పాపం వాళ్లకు కలపడం పుట్టుకతోనే వచ్చు. చప్పట్లు కొట్టినప్పుడల్లా మాటను తెంపేయమని నేర్పిన మహానుభావురాలిని నేనే. చప్పట్లు మానిపించి, "అవ్వ లాగా అనండి" అని బోర్డు మీద 'పలక' రాశాను. "పా...లా...కా" అని సాగింది. కొంచెం తొందరగా అనమన్నాను. "పలక" అన్నారు, అని, తమ నోట్లోంచి వచ్చిందేమిటో తామే నమ్మలేక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

శనివారం తల్లులు వచ్చి గోడవారగా కూర్చున్నారు. పిల్లలు కమల, గడప, నగరం అన్నీ కూతపెట్టి మరీ చదివారు. వడియాలమ్మ కరగలేదు.

"గివన్ని నువ్వు బట్టీ వట్టిచ్చినవే గద. నా పేరు రాయి. మా పొల్ల సదువుతదేమో సూద్దాం" అంది.

ఆమె పేరు మూడక్షరాలది (ఇక్కడ రాయను, అది ఆమె సొంతం). ఇంట్లో ఆ పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరట, అమ్మా, వదినా, కోడలా, అంతే. పెద్ద టీచరమ్మ స్వయంగా బోర్డు మీద రాసింది. పిల్ల లేచి నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, సీతాఫలాల కూతలో మూడక్షరాలూ సాగదీసింది. తర్వాత దగ్గరికి చేర్చింది. ఆ తర్వాత తల్లి వైపు తిరిగి మామూలు గొంతుతో ఆ పేరు పలికింది.

వడియాలమ్మ కూర్చున్నచోటే ముందుకు వంగింది. "ఇంకోపారి సదువు బిడ్డా" అంది. పిల్ల మళ్లీ చదివింది. ఆమె లేచి బోర్డు దగ్గరికి వెళ్లి, అక్షరాల మీద వేలు పెట్టి, "గింతేనా? గిట్లుంటదా నా పేరు?" అని నన్నడిగింది. నాకు ఏడుపొచ్చింది, ఈసారి బోర్డు వైపు తిరగలేదు. వేలికంటిన సుద్దను తుడుచుకోకుండానే ఆమె ఇంటికి వెళ్లింది.

అందరూ వెళ్లాక పెద్ద టీచరమ్మ, "ఎటు వోకు బిడ్డా, ఈడనే ఉండు" అంది. మూడు నెలల గడువు గురించి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. "గా నోటుబుక్కు మాత్రం నాకియ్యి" అని దాన్ని తన బీరువాలో పెట్టి తాళం వేసుకుంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లకుండా అబిడ్స్ దాకా నడిచాను. దారిలో కనబడిన తెలుగు బోర్డునల్లా (అప్పట్లో అవి తక్కువే) పైకి, సాగదీసి చదువుకుంటూ పోయాను. షేర్వానీ వేసుకున్న ఒక పెద్దాయన దారి వదిలి పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. నాకు సిగ్గేయలేదు. ఇప్పుడు ఎప్పుడైనా అటు వెళ్తే, ఎదురుగా అప్పటి నేనే, ఆ కుర్ర టీచరమ్మ, అలా అరుచుకుంటూ వస్తే బాగుండునని ఉంటుంది. ఏమీ చెప్పను, చెప్తే వినే రకం కాదు. నేనూ పక్కకు తప్పుకుని దారిస్తాను. ఆమె మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి వింటాను.