గోవిందస్వామి సారు ముట్టిన పట్టుపురుగులు

పుంగనూరు నుంచి మదనపల్లె పోయే రోడ్డు పక్క ఊళ్లలో సైన్సంటే గోవిందస్వామి సారే. రంగు చాక్‌పీసులతో ఆయన బోర్డు మీద గుండె గీస్తే అది కొట్టుకుంటుందని పేరు. టీకాలు వెయ్యడానికి బడికొచ్చిన నర్సమ్మ ఒకతె ఆ బొమ్మ చూసి, నాడి పట్టుకుందామని చెయ్యి చాపిందంటారు. చాపిందో లేదో గానీ, సారు ఆ మాటను ఎన్నడూ కాదనలేదు.

ఏటా మదనపల్లెలో సైన్సు ప్రదర్శన. బడికొక్క టీచరుకే అవకాశం. పదకొండేళ్లుగా ఆ ఒక్కరూ ఆయనే. మిగతా మూడువందల అరవై నాలుగు రోజులూ ఆ రోజు కోసమే బతికేవాడు.

అట్లాంటిది 1999లో కుప్పం నుంచి ఉషారాణి టీచరు దిగింది. వచ్చిన మొదటి వారమే ఆరు టమాటాలకు రాగితీగలూ జింకు పూసిన మేకులూ గుచ్చి, చిన్న గడియారాన్ని నడిపించింది. ఆ రోజు ఎనిమిదో తరగతి పిల్లలు ఇంట్లో టమాటా చారు ముట్టలేదట, కడుపులో టిక్కుటిక్కుమంటుందని. తర్వాతి వారం సీసాలో బెలూన్లు కట్టి ఊపిరితిత్తులు చేసింది. పక్క గదిలో గోవిందస్వామి పదో తరగతికి పాఠం చెబుతుంటే పిల్లల మెడలన్నీ కిటికీ వైపే.

"ఏముండాది రా ఆడ?"

"టీచరమ్మ ఊపిరితిత్తుల్ని ఉబ్బిస్తాండాది సార్!"

"మన బోర్డు మీద లేవా ఊపిరితిత్తులు?"

"ఉండాయి సార్. అవి ఉబ్బవు కదా."

ఆ మాట ఆయన గొంతులో చేపముల్లులా ఇరుక్కుంది. నీళ్లు తాగినా దిగలేదు, మజ్జిగ తాగినా దిగలేదు.

హెడ్‌మిస్ట్రెస్ రుక్మిణమ్మ ఇంకో ముల్లు వేసింది. "స్వామి సారూ, ఈసారి ఎవరి క్లాసు బాగుంటే వాళ్లే మదనపల్లెకు. శుక్రవారం వచ్చి చూస్తా."

అప్పటికి ఉషారాణి తరగతిలో యాభై పట్టుపురుగులు పెరుగుతున్నాయి. గీత అనే పిల్ల వాళ్లింట్లో పట్టుపురుగుల షెడ్డుంది, అక్కణ్ణుంచి తట్టలో తెచ్చింది. పిల్లలు వాటికి మల్బరీ ఆకు వేస్తారు, రోజూ కొలుస్తారు, నోటుబుక్కులో రాస్తారు. గోవిందస్వామి కూడా పట్టుపురుగు పాఠం ఇరవై ఏళ్లుగా చెబుతున్నవాడే. గుడ్డు, పురుగు, గూడు, రెక్కల పురుగు, నాలుగు బొమ్మలూ కళ్లు మూసుకుని గీస్తాడు. అయితే ఆయన పుట్టింది పెద్దమండ్యం పక్క శెనక్కాయల చేల మధ్య. బొమ్మలో తప్ప పట్టుపురుగును ముట్టి ఎరగడు.

గురువారం మధ్యాహ్నం పిల్లలు అన్నాలకు పోయారు. సారు తన అన్నం తిని, అలవాటుగా అరచేతిలో పొగాకు నలిపి బుగ్గన పెట్టుకుని, ఆ ఖాళీ గదిలోకి జొరబడ్డాడు. ఏదో ఒక తప్పు దొరక్కపోతుందా అని ఆశ. తప్పు దొరకలేదు. ఒక పురుగును వేళ్లతో ఎత్తాడు. చల్లగా, మెత్తగా ఉంది. ఇంకోదాన్ని ఎత్తాడు. ఓ మూల తప్ప ఆకులన్నీ కలియబెట్టి అడుగున్నవాటినీ పలకరించాడు. ఎంత బాగుండాయో అనుకున్నాడు, అనుకున్నందుకు మరింత మండిపోయాడు.

చివరి పీరియడు కల్లా పురుగులు తలలెత్తి, మెలికలు తిరిగి, పచ్చటి నీళ్లు కక్కుకుంటున్నాయి. సాయంత్రానికి ఓ మూలనున్న ఏడెనిమిది తప్ప అన్నీ పోయాయి. ఎనిమిదో తరగతంతా ఒకటే ఏడుపు. సంగతి విన్న గోవిందస్వామికి మాత్రం మదనపల్లె బస్సు హారను చెవిలో మోగింది.

శుక్రవారం రుక్మిణమ్మ వచ్చింది. పెద్ద సారు కదా అని ఆయన్నీ పక్కన కూర్చోబెట్టుకుంది. ఉషారాణి చచ్చిన పురుగుల తట్టను దాచలేదు, టేబులు మీద పెట్టింది.

"యాల సచ్చిపోయినాయో కనుక్కుందాం. ఎవరికి తోచింది వాళ్లు చెప్పండి. చెప్పినోళ్లు రుజువు సూపించాల."

"ఆకు మంచిది కాదేమో టీచర్."

"అదే ఆకు తిని మా ఇంట్లోవి బాగుండాయి," అంది గీత.

"ఎండకు టీచర్."

"మూలనుండేవాటికి ఎండ తగల్లేదా?" అంది ఉషారాణి.

గీతే మళ్లీ లేచింది. "మా షెడ్డులోకి మా తాతను రానియ్యం టీచర్. పొగాకు చెయ్యి తగిలితే పురుగు ఇట్లనే కక్కుకుంటాది."

గోవిందస్వామి బుగ్గలోని పొగాకు ఒక్కసారిగా చేదెక్కింది. ఇరవై ఏళ్ల పాఠంలో ఆ ముక్క లేదు.

"పొగాకు లేదు ఏమీ లేదు," అన్నాడు వెనక బెంచీ లోకేష్. "ఇది దిష్టి టీచర్. ఎవరో కడుపుమంటతో సూసినారు."

"అవు, దిష్టే!" తరగతి సగం చేతులెత్తింది. ఉషారాణి అన్ని కారణాలూ రాసినట్టే దాన్నీ బోర్డు మీద రాసింది.

దిష్టి! సైన్సు బోర్డు మీద దిష్టి! నోరు మూసుకుంటే మదనపల్లె తనదే. కానీ కళ్ల ముందే తప్పు జవాబుకు అన్ని చేతులు లేస్తుంటే ఆయన వల్ల కాలేదు.

"దిష్టి కాదురా! పొగాకే!"

"రుజువు సార్?" అంది గీత.

గోవిందస్వామి అరచెయ్యి చాపాడు. రేఖల నిండా గోధుమరంగు మరక. "నిన్న మధ్యాన్నం నేనే ముట్టినాను."

తర్వాత పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఆ చెయ్యి వాసన చూసి, ముక్కు చిట్లించి, పుస్తకంలో రాసుకున్నారు. ఆఖర్న రుక్మిణమ్మ కూడా చూసింది.

"ఉషారాణమ్మా, మదనపల్లెకు నువ్వే పో."

"జవాబు చెప్పింది నేను కదా మేడం!" గోవిందస్వామి ఊరుకోలేదు.

"నిజమే, సారు కూడా రావాల," అంది ఉషారాణి.

"ఒక్క టీచరుకే కదమ్మా?"

"టీచరుగా కాదు మేడం. రుజువుగా."

పోయాడు. మదనపల్లెలో ఆ చెయ్యి చూడ్డానికి నిలబడిన వరస బస్టాండు దాటిందంటారు. వచ్చినవాళ్లందరూ ఆయన చెయ్యి వాసన చూసి, పక్కకు తిరిగి ప్రశ్నలు మాత్రం ఉషారాణిని అడిగారు. రిటైరైనా సారుకు అది మింగుడు పడలేదు.